బెర్నీకే అనే పేరు గలవాళ్ళు

రేపల్లె బస్టాండులో ఆ మనిషి నన్ను చూసి కూడా చూడనట్టు పళ్ళబండి వెనక్కి తప్పుకున్నాడు. సరిగ్గా అప్పుడే నాకు తెలిసింది, జరగకూడనిదేదో జరిగిందని.

అతను మా ఆయన బోటుకు జోడీగా వేటకి వెళ్ళే రెండో బోటు డ్రైవరు. ఇద్దరూ చిన్నప్పటి నుంచి స్నేహితులు. నేనెక్కడ కనబడినా నలుగురికీ వినబడేటట్టు, "ఏం చెల్లెమ్మా, మా బావ సరిగ్గా చూసుకుంటున్నాడా, నాలుగు తగిలించమంటావా?" అని పలకరించనిదే వదలడు. సముద్రంలో ఒకరి ఇంజను ఆగిపోతే ఇంకొకరు తాడు కట్టి లాక్కురావాలని ఆ రెండు బోట్లూ కలిసి వెళ్ళి కలిసి వస్తాయి. ఇతను ఒడ్డున ఉన్నాడంటే మా ఆయన కూడా ఒడ్డునే ఉండాలి. ఉంటే నాకు ఫోన్ రావాలి.

నేను బండి చుట్టూ తిరిగి అతని ఎదురుగా నిలబడ్డాను. స్కూలు నుంచి తిన్నగా వస్తున్నాను, చేతిలో సోషల్ పరీక్ష పేపర్ల కట్ట ఉంది. అతను తల ఎత్తలేదు. బండి అతను మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తుంటే, ఏం చేయాలో తోచక అరటిపళ్ళు కొన్నాను.

ఒక్కో ముక్కా అడిగి రాబట్టాను. ముందురోజు మధ్యాహ్నం గాలి ఒక్కసారిగా లేచి వాన కమ్మేసిందట. రెండు బోట్లూ వలలు లాగేసుకుని వెనక్కి తిరిగాయట. వైర్‌లెస్ సెట్‌లో ఒకసారి మాట్లాడుకున్నారు. తర్వాత మా ఆయన సెట్ పలకలేదు. తమకంటే ముందే రేవు చేరి ఉంటాడనుకుని వీళ్ళు వచ్చేశారు. తెల్లారి చూస్తే ఆ బోటు లేదు.

"మరి ఎవరికైనా చెప్పారా అన్నయ్యా?"

"ఏమని చెప్తాం చెల్లెమ్మా? ఆలస్యమైంది, వస్తాడు. నువ్వు మాత్రం ఆ మాట అనమాక."

ఏ మాటో అతను చెప్పలేదు. చెప్పక్కర్లేదు. పెళ్ళయిన కొత్తలోనే నేర్చుకున్నాను. మా అత్తగారి ఊళ్ళో, అంటే రేపల్లెకు దిగువన హార్బరు పక్కన, వేటకి వెళ్ళిన బోటు రాకపోతే ఎవరూ తప్పిపోయిందనరు. ఆలస్యమైందంటారు. ఆ మాట నోటి నుంచి వస్తే సముద్రం వింటుందని వాళ్ళ నమ్మకం. అందుకని ఆ పొద్దున హార్బరులో ప్రతివాళ్ళూ మా బోటు ఉండాల్సిన ఖాళీ చోటుని చూశారు, ఒక్కరూ నోరు విప్పలేదు. మత్స్యశాఖ ఆఫీసులో చెప్పడమంటే ఆ మాట అనడమే కదా.

పిల్లల స్కూలుకి వెళ్ళి ఇద్దరినీ తీసుకుని ఆటోలో అత్తగారింటికి వెళ్ళాను. పాపకి ఏడేళ్ళు, బాబుకి నాలుగు. ఇవాళ నానమ్మ దగ్గర ఎందుకు పడుకోవాలని పాప అడిగితే, నాన్నకి పని ఎక్కువై ఆగిపోయారని చెప్పాను. బాబు అరటిపళ్ళన్నీ లెక్కపెట్టి తనకెన్నో తేల్చుకునే పనిలో పడ్డాడు.

అత్తయ్య ఎండు చేపల తడికలు లోపలికి సర్దుతోంది. మమ్మల్ని చూసి ఎందుకొచ్చారని అడగలేదు. నాకన్నా ముందే ఆవిడకు తెలుసని అర్థమైంది. తెలిసి నాకు ఫోన్ చేయలేదు. చేస్తే ఏదో ఒకటి చెప్పాలి.

ఇక్కడ నా పేరు గురించి చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

నా పేరు బెర్నీకే. తెనాలిలో మా తాతయ్య మిషన్ బడి పంతులు. మా ఇంట్లో బిడ్డ పుడితే పేరు పెట్టే పద్ధతి ఆయనదే. సాయంత్రం కుటుంబ ప్రార్థన అయ్యాక కళ్ళు మూసుకుని బైబిలు తెరిచేవారు. వేలు పడిన పేజీలో ఆడపిల్లకి ఆడ పేరు, మగపిల్లవాడికి మగ పేరు, ఏది ముందు కనబడితే అది. మా బాబాయికి అలా వచ్చిన పేరు ఎవరి నోరూ తిరగక, ఊరంతా ఇప్పటికీ చిన్నోడనే పిలుస్తుంది. నా వంతుకి బెర్నీకే వచ్చింది. బాప్తిస్మం రోజున మా లూథరన్ చర్చి అయ్యగారు కాస్త ఇబ్బంది పడి, "పంతులుగారూ, ఇంకో పేజీ తీయకూడదా?" అన్నారట. "ఇది నేను తీసిన పేజీ కాదు అయ్యగారూ" అన్నారట తాతయ్య.

అయ్యగారి ఇబ్బంది నాకు సండేస్కూల్లో తెలిసింది. మిగతా ఆడపిల్లల పేర్లకి కథలున్నాయి. ఎస్తేరు జనాన్ని కాపాడింది, రూతు అత్తని విడిచిపెట్టలేదు. నా పేరామె అన్నగారైన రాజుతో కలిసి పెద్ద ఆర్భాటంగా వచ్చి కూర్చుంటుంది, సంకెళ్ళలో ఉన్న మనిషి చెప్పేది వింటుంది, లేచి వెళ్ళిపోతుంది. అంతే. ఆమె గురించి ఇంకా చెడ్డ మాటలున్నాయని, పెద్దయ్యాక తెలుస్తాయని టీచరమ్మ అన్నది.

పెద్దయ్యాక బాపట్లలో డిగ్రీ చదువుతుంటే కాలేజీ లైబ్రరీలో వెతికాను. చరిత్రలో ఆ పేరుతో ఒకరు కాదు, చాలామంది ఉన్నారు. గ్రీకు మాట అది. గెలుపు తెచ్చేదని అర్థం. ఐగుప్తును, అంటే ఈజిప్టును, ఏలిన గ్రీకు రాజవంశంలో తల్లికి, కూతురికి, కోడలికి అదే పేరు. వాళ్ళలో మొదటి ఆమె పేరు మీద కొడుకు ఎర్రసముద్రం ఒడ్డున ఒక రేవు కట్టించాడు. ఆ రేవు శిథిలాల్లో మన దేశపు మిరియాలు దొరికాయి. ఎదురు బల్ల దగ్గర పేపరులో క్రికెట్ పేజీ చదువుకుంటున్న బీకాం కుర్రాడొకడు, నేను పక్కనున్న స్నేహితురాలికి ఇదంతా చెప్తుంటే విని, "నీ పేరుతో హార్బరుందా! మాకున్నదానికి అసలు పేరే లేదు, హార్బరనే అంటాం" అన్నాడు. ఆ కుర్రాడే మా ఆయన.

ఆ పేరు గలవాళ్ళలో ఇద్దరి కథలు నాకు బాగా గుర్తు. వాళ్ళిద్దరూ ఒకే కాలంలో బతికారు, వదినా మరదళ్ళు. ఒకామె రాణి. భర్త ఓడలెక్కి యుద్ధానికి వెళ్తే, క్షేమంగా తిరిగొస్తే నా జుట్టు ఇస్తానని దేవతకి మొక్కుకుంది. అతను వచ్చాడు, ఆమె ఇచ్చింది. గుళ్ళో పెట్టిన ఆ జుట్టు మర్నాటికి కనబడలేదు. ఆస్థాన జ్యోతిష్కుడు ఆకాశంలో ఒక చుక్కల గుంపును చూపించి, అదిగో అక్కడుందన్నాడు. ఈ కథంటే మా పాపకి ప్రాణం. దాని జడ నడుము దాకా ఉంటుంది మరి.

రెండో ఆమె కథ పాపకి నేనెప్పుడూ చెప్పలేదు.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళ కాకముందే అత్తయ్య పాపని కూర్చోబెట్టుకుని తల దువ్వింది. దీపాలు పెట్టాక ఆ ఇంట్లో ఎవరూ దువ్వెన పట్టరు. జడ అల్లడం పూర్తయ్యాక దాన్ని చేతిలోనే పట్టుకుని, నావైపు చూడకుండా అంది.

"పాప జుట్టు మొక్కుకుందాం అమ్మాయ్."

పాప చెయ్యి దానంతటదే జడ మీదికి వెళ్ళింది.

"వద్దత్తయ్యా."

"మీవాళ్ళకి ఈ మొక్కులు లేవని నాకు తెలుసు. అయినా నీ పేరుగలామె ఇచ్చిందంటగా మొగుడి కోసం. నీ కూతురే చెప్పింది నాకు, చుక్కల్లో కూడా చూపించింది."

"ఆమె తన జుట్టు ఇచ్చింది. కూతురిది కాదు."

అనేశాక గానీ నేనేమన్నానో నాకు తెలియలేదు. అత్తయ్య అప్పుడు నా తల వైపు చూసింది.  పాప జడ వదిలేసి దీపం వెలిగించడానికి లేచింది.

పెరట్లోకి వెళ్ళి తెనాలికి ఫోన్ చేశాను. అమ్మ ఏడ్చింది, తర్వాత సర్దుకుంది. నాన్నగారూ తనూ ప్రార్థనలో ఉంటామంది. ఆదివారం ఆరాధనలో అందరిచేతా ప్రార్థన చేయించమని నేనడిగితే వెనక్కి తగ్గింది. ఇంకా ఏమీ తెలియకుండా అయ్యగారి చెవిన వేస్తే చర్చి అంతా పాకుతుందని, సముద్రం మీద బతికేవాళ్ళింటికి పిల్లనిచ్చామని ఇప్పటికే అంటున్నారని, ఒక్కరోజు ఆగి చూద్దామని నసిగింది. పెట్టేసే ముందు మాత్రం గట్టిగా చెప్పింది. "వాళ్ళు జుట్టనీ ముడుపనీ అంటారు. నువ్వు ఒప్పుకోకు."

ఇక్కడ సముద్రం వింటుందని చెప్పరు, అక్కడ చర్చి వింటుందని చెప్పరు. మా ఆయన ఎక్కడో నీళ్ళ మీద ఉన్నాడు, ఆ సంగతి వినాల్సినవాళ్ళు ఒక్కరూ వినలేదు.

శనివారం తెల్లారింది. వాన లేదు. గాలి మాత్రం ఈశాన్యం నుంచి అలాగే కొడుతోంది. హార్బరు గట్టు మీద నిలబడ్డాను. రెండో బోటు అక్కడే తాడుకు కట్టి ఉంది. దాని పక్కన చోటు ఖాళీ. గట్టు మీద వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన నన్ను చూసి, "వస్తాడమ్మా, ఆలస్యమైంది" అన్నాడు. ఐసు ఫ్యాక్టరీ దగ్గర ఇంకొకాయన అదే అన్నాడు. టీ కొట్టు ఆవిడా అదే మాట. అందరూ దయగానే అన్నారు. ఆ దయ చూస్తేనే నాకు భయమేసింది.

పాపకి చెప్పని రెండో బెర్నీకే అప్పుడు గుర్తుకొచ్చింది. ఆమె జుట్టిచ్చిన రాణికి ఆడపడుచు. దూరదేశపు రాజుకి రెండో భార్యగా ఇచ్చారు. భర్త చనిపోగానే సవతి మనుషులు ఆమె మీద పడ్డారు. పసివాడైన కొడుకుతో ఒక కోటలో తలుపులు బిగించుకుని, అన్న ఓడలు వస్తాయని ఎదురుచూసింది. అన్న బయల్దేరాడు. అతను చేరేసరికి ఆమె లేదు, బిడ్డా లేడు. ఓడలు ఆలస్యమయ్యాయి. లైబ్రరీలో చదివినప్పుడు ఆ వాక్యం దాటి వెళ్ళిపోయాను. ఇప్పుడు ఆ గట్టు మీద, వచ్చేపోయేవాళ్ళంతా నాతో అదే మాట అంటుంటే, ఒక ప్రశ్న పట్టుకుంది. ఆమె కబురు ఎప్పుడు పంపింది? దాని గురించి ఎక్కడా రాసిలేదు. ఒక్కరోజు ఆగి చూద్దామని ఆమెతో కూడా ఎవరైనా అన్నారా?

ఇంటికి వెళ్ళి అత్తయ్యతో మత్స్యశాఖ ఆఫీసుకి వెళ్తున్నానని చెప్పాను. హార్బరులోనే ఉంది ఆ చిన్న ఆఫీసు. బోటు వివరాలు రాసుకునేదీ, ఏదైనా అయితే తీరప్రాంతమంతా కబురు చేసేదీ వాళ్ళే. అత్తయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నీ నోటితో ఆ మాట అంటావా?"

"అంటానత్తయ్యా."

"అని, రేపేదన్నా అయితే?"

"అనకపోతే అయితే?"

ఆవిడ పక్కకి తప్పుకుంది. పిల్లల్ని పక్కింట్లో అప్పజెప్పి నా వెనకాలే వచ్చింది. నాతో కలిసి వస్తున్నట్టు కనబడకూడదని కాబోలు, బాగా వెనగ్గా నడిచింది.

ఐసు ఫ్యాక్టరీ ముందు బురదలో నా చెప్పులు దిగబడిపోయాయి. వంగి తీసుకునే ఓపిక లేక వదిలేసి వెళ్ళిపోయాను. ఆఫీసులో నున్నటి గచ్చు మీద నా పాదాల బురద ముద్రలు పడ్డాయి. బల్ల వెనక ఆఫీసరుగారు ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ, ఆగమని చెయ్యి చూపించారు. ఆగాను. నా కాళ్ళ వంక చూసుకుంటే మూడో బెర్నీకే గుర్తుకొచ్చింది, మా తాతయ్య వేలు పడిన ఆమె. ఆమె గురించి సండేస్కూల్లో చెప్పనిది ఒకటుంది. ఆమె ఉన్న పట్నంలో ఒకసారి సైనికులు జనాన్ని వీధుల్లో నరుకుతుంటే, అప్పటికే మొక్కులో ఉండి తల గొరిగించుకున్న ఆ ఆర్భాటపు రాజకుమార్తె, చెప్పుల్లేని కాళ్ళతో అధికారి ముందు నిలబడి ఆపమని ప్రాధేయపడింది. అతను వినలేదు. ఆమె కళ్ళముందే ఇంకా చంపారు.

అతను వినలేదన్నదే నా బుర్రలో తిరుగుతోంది. ఆఫీసరుగారు ఫోన్ పెట్టేసి, ఏంటమ్మా అన్నారు.

"మా ఆయన బోటు తప్పిపోయిందండి."

వెనక అత్తయ్య చెవులు మూసుకుంది. నాకు కనబడలేదు, గాజుల చప్పుడు వినబడింది.

ఎప్పటి నుంచని అడిగారు. గురువారం మధ్యాహ్నమని చెప్పాను. ఆయన ముఖం మారింది. "ఇవాళ శనివారం కదమ్మా. ఇప్పుడా చెప్పేది?" అన్నారు.  జవాబు కోసం ఆగలేదు. అప్పటికే ఫోన్ తీశారు. బోటు నంబరు, రంగు, ఎంతమంది ఉన్నారు, చివరిసారి ఎక్కడ కనబడింది అని వరసగా అడిగారు. మా ఆయన కాక నలుగురు కళాసీలున్నారని చెప్పగలిగాను. చివరిసారి ఎక్కడో నాకు తెలియదు.

అప్పుడు అత్తయ్య చెవుల మీంచి చేతులు తీసి, గుమ్మంలోకి వెళ్ళి, గట్టు మీద నిలబడిన రెండో బోటు డ్రైవరుని పేరు పెట్టి పిలిచింది. "రారా, వచ్చి చెప్పు. అనేసింది, ఇంకేముంది."

అతను వచ్చాడు. అతని వెనక ఇంకో పదిమంది వచ్చారు. ఒక్కసారి ఆ మాట బయటపడ్డాక అందరికీ నోళ్ళు వచ్చాయి. గాలి ఇటుంది కాబట్టి చీరాల వైపు కొట్టుకుపోతాడని ఒకరు, కాదు ఇంకా లోపలే ఉంటాడని ఒకరు. గంట తిరక్కుండా రెండు బోట్లు వెతకడానికి బయల్దేరాయి. వైర్‌లెస్‌లో ఒడ్డు పొడుగునా బోట్లన్నిటికీ కబురు వెళ్ళింది. రెండో బోటు డ్రైవరు వెళ్తూ నా దగ్గర ఆగి, బురదలోంచి తీసిన నా చెప్పులు నా ముందు పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం అత్తయ్య అన్నం వండింది, ఎవరం తినలేదు. పిల్లలు పక్కింట్లో టీవీ చూస్తున్నారు. నేను లోపలి గదిలో గోడకానుకుని కూర్చున్నాను. ప్రార్థన మొదలుపెట్టి సగంలో మర్చిపోయేదాన్ని. మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. ఎప్పుడో ముడి ఊడి జుట్టు భుజం మీద పడితే, దాన్ని గుప్పిట్లో పట్టుకుని ఉన్నాను. ఆయన వస్తే ఇది ఇచ్చేస్తానని అనుకున్నాను. పైకి అనలేదు. ఎవరితో అన్నానో ఇప్పటికీ నాకు తెలియదు. తాతయ్య దేవుడితోనా, అత్తయ్య అమ్మవారితోనా, సముద్రంతోనా. ఎవరు వింటే వాళ్ళకి.

దీపాలు పెట్టే వేళకి తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.  అత్తయ్య తీసి నా చెవి దగ్గర పెట్టింది.

"నేనే."

ఆయన గొంతే.

"బాపట్లలో ఉన్నా. లైబ్రరీలో కాదులే."

గోడకి చేరగిలబడి అలాగే ఏడ్చాను. ఇంజనులోకి నీళ్ళొచ్చి ఆగిపోయిందట. బ్యాటరీ పోయి సెట్ కూడా మూగబోయిందట. గాలి ఎటు తోస్తే అటు కొట్టుకుపోయారు. ఒక కళాసీకి మణికట్టు విరిగింది, మిగతా అందరూ క్షేమమే. రామాపురం వైపు బోటొకటి చూసి, తాడు కట్టి, బాపట్ల ఒడ్డుకి లాక్కొచ్చింది. కళాసీకి ఆసుపత్రిలో కట్టు కట్టించి పొద్దున్నే బస్సెక్కుతామన్నాడు.

"ఆ బోటతను ఏమన్నాడో తెలుసా? నిన్నా చూశాడంట దూరం నుంచి. వేటలో ఉన్నామనుకున్నాడంట. ఇవాళ సెట్‌లో మా కోసం వెతుకుతున్నారని విని తిప్పాడు బోటు. ఎవరు చెప్పారు ఆఫీసులో?"

నేను అత్తయ్య వైపు చూశాను. ఆవిడ ఫోన్ తీసుకుని, "నీ పెళ్ళామే. నువ్వు తప్పిపోయావని ఊరందరికీ చెప్పింది" అని, కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆదివారం పొద్దున అత్తయ్య స్నానం చేసి తడి జుట్టుతో వాకిట్లో నిలబడి, తను మొక్కుకున్నానని చెప్పింది. పాపది వద్దన్నావు, నిన్ను అడగలేను, అందుకని నాదే ఇస్తానన్నాను అంది. ఆ నెరిసిన కాస్త జుట్టుని చేత్తో వెనక్కి తోసుకుంది. నేను కూడా వస్తానత్తయ్యా అన్నాను. ఆవిడ నన్ను పరీక్షగా చూసి, మీ అమ్మకి ఏం చెప్తావంది. జరిగిందే చెప్తానన్నాను.

అప్పుడు పిల్లలు నిద్ర లేచి వచ్చారు. బాబు నా ఒళ్ళో వాలాడు. నాన్న పని అయిపోయిందా అని పాప అడిగింది. అవునని ఊరుకోవచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది.

ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"నాన్న ఇంకాసేపట్లో వస్తున్నారు. పని ఎక్కువై ఆగిపోయారని మొన్న చెప్పానే, అది నిజం కాదు. నాన్న బోటు తప్పిపోయింది. నేను చాలా భయపడ్డాను, నానమ్మ కూడా భయపడింది. మీకు చెప్పలేదు. ఇంకెప్పుడైనా ఇలా అయితే మీకు ముందే చెప్తాను. మీకు భయమేస్తే మీరు కూడా నాకు చెప్పాలి."

బాబుకి అర్థమైందో లేదో, నాన్న ఈదాడా అని అడిగాడు. లేదు, ఇంకో బోటు లాక్కొచ్చిందని చెప్పాను.  పాప మాత్రం జడ ముందుకి వేసుకుని రెండు చేతులతో పట్టుకుంది.

"అయితే నా జుట్టు?"

"నీ జుట్టు నీదే. దాన్ని ఎవరూ ఎవరికీ ఇస్తానని చెప్పలేదు. నేను నాది ఇస్తానన్నాను, అందుకని నాది ఇస్తాను."